పాత చీటీలు పారేయకండి: కంప్యూటరులోకి మారేటప్పుడు మీ వైద్య రికార్డుకు ఏమవుతుంది?



ఈ మధ్య ఓ.పి. చీటీలు రాసే చోట ఒక మాట తరచుగా వింటున్నాము. "ఇప్పుడన్నీ కంప్యూటరులోకి ఎక్కించేస్తున్నారు కదా సిస్టరుగారూ, ఇంక ఈ కాగితాలన్నీ ఎందుకు మొయ్యడం?" అని అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే. సంతబొమ్మాళి నుంచో, నౌపడ నుంచో, భావనపాడు నుంచో ఆటోలో వచ్చేవారు పదేళ్ళ కాగితాలు సంచిలో వేసుకుని రావడం కష్టమే. వానాకాలమైతే మరీను.

అయినా మా జవాబు ఒక్కటే. పారేయకండి. కంప్యూటరు మీద మాకు నమ్మకం లేక ఈ మాట చెప్పడం లేదు. రిజిస్టర్ల నుంచి కంప్యూటరుకు, పాత కంప్యూటరు నుంచి కొత్తదానికి, ఒక ఆసుపత్రి నుంచి ఇంకొక ఆసుపత్రికి రికార్డు మారేటప్పుడు అన్నిటికంటే ముందు మారేది మీ పేరు, ఆఖరిసారి చేసిన పరీక్ష. అన్నిటికంటే వెనక మిగిలిపోయేది పాత సంవత్సరాల లెక్క. మన ప్రాంతంలో చాలామందికి ఆ పాత లెక్కే ప్రాణం. అది ఎందుకో, మార్పిడిలో ఏవి జారిపోతాయో, మీరేం చేయాలో ఈ నెల వివరంగా చెప్పుకుందాము.

కిడ్నీకి నిన్నటి లెక్క కూడా కావాలి

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు మేము కొత్తగా చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో 1990ల నుంచి ఈ జబ్బును వైద్యులు గమనిస్తున్నారు. బి.పి., షుగరు లేనివారికి కూడా కిడ్నీలు మెల్లగా పాడవుతున్నాయి. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. శ్రీలంకలోను, మధ్య అమెరికా దేశాలలోను పొలం పనివారికి ఇలాంటి జబ్బే వస్తోంది. కారణం తెలియని జబ్బు కాబట్టి మా చేతిలో ఉన్న ముఖ్యమైన ఆధారం ఎవరి రక్తపరీక్ష ఎప్పుడు ఎలా ఉందన్నదే.

ఉదాహరణకు ఇద్దరు మనుషులను తీసుకోండి. ఇద్దరికీ ఈ రోజు క్రియాటినిన్ 1.7 వచ్చింది. మొదటి ఆయనకు 2016లో 1.4, 2019లో 1.5, 2022లో 1.6 ఉన్నది. అంటే ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతోంది. బి.పి. అదుపులో పెట్టి, నొప్పి మాత్రలు మాన్పించి, కొన్ని నెలలకొకసారి చూస్తూ ఉంటే చాలాకాలం నెట్టుకురావచ్చు. రెండవ ఆయనకు పోయిన నెలలో 1.0 ఉండి ఇప్పుడు 1.7 అయింది. ఇది వేరే సంగతి. విరేచనాలై ఒంట్లో నీరు పోయిందా, ఏదైనా మందు పడలేదా, మూత్రం దారిలో అడ్డం ఉన్నదా అని ఆ రోజే చూడాలి. వెంటనే చూస్తే తిరిగి మామూలయ్యే అవకాశం ఉంటుంది.

ఇద్దరి చేతిలోను ఈ నాటి కాగితం ఒక్కటే ఉంటే, డాక్టరుగారికి ఇద్దరూ ఒకలాగే కనబడతారు.

అసలు దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని పేరు పెట్టడానికే కాలం లెక్క కావాలి. లోపం మూడు నెలలకు పైగా ఉంటేనే దీర్ఘకాలికం అంటారు. ఒక్క పరీక్షతో ఆ మాట అనకూడదు. అందుకే 2017లో ఉద్దానం ఊళ్ళలో ప్రభుత్వం పెద్ద ఎత్తున రక్తపరీక్షలు చేయించినప్పుడు ఇచ్చిన చీటీ ఎవరి ఇంట్లోనైనా ఉంటే, నలిగిపోయినా, మడతల్లో చిరిగినా, అది చాలా విలువైన కాగితం. ఆ రోజు "బాగానే ఉంది" అన్నారని పారేసినవారు చాలామంది ఉన్నారు. బాగున్నప్పటి లెక్క ఇంకా ముఖ్యం. ఏ నాటి వరకు బాగున్నారో అదే చెబుతుంది.

ఎక్కించేటప్పుడు ఏం జరుగుతుంది?

చేతిరాత రిజిస్టరులో ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ రాసుకోవచ్చు. కేసు షీటు పైమూల ఎర్రసిరాతో "పెన్సిలిన్ పడదు" అని ఉంటుంది. పక్కన "కొడుకు చెన్నైలో ఉన్నాడు, మందులు తెచ్చేది కోడలు" అని ఉంటుంది. కంప్యూటరు అలా ఒప్పుకోదు. దానికి గడులు ఉంటాయి. పేరుకు ఒక గడి, వయసుకు ఒక గడి, బి.పి.కి ఒక గడి. పాత పుస్తకంలో ఉన్నదానికి కొత్తదానిలో గడి లేకపోతే ఆ మాట ఎక్కడా ఎక్కదు. ఎవరూ కొట్టివేయరు, చెరిపివేయరు. రాయడానికి చోటు లేక ఊరికే ఆగిపోతుంది.

కోడలి సంగతి ఆగిపోతే పెద్ద ప్రమాదం లేదు (ఫోను చేయవలసి వచ్చినప్పుడు ఇబ్బందే అనుకోండి). పెన్సిలిన్ సంగతి ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది. అందువల్ల మీకు ఏదైనా మందు పడకపోతే, "రికార్డులో ఉంది కదా" అని ఊరుకోకండి. కొత్త చీటీ రాసిన ప్రతిసారీ నోటితో చెప్పండి. ఏ మందు, ఏం జరిగింది, దద్దుర్లా, ఆయాసమా, కళ్ళు తిరగడమా, ఏ సంవత్సరం, ఇవి చెబితే చాలు.

రెండవది కొలతల గొడవ. మన ల్యాబులలో క్రియాటినిన్‌ను మిల్లీగ్రాములలో రాస్తారు. 0.9, 1.2, 1.7 ఇలా ఉంటుంది. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన తమ్ముళ్ళు తెచ్చే రిపోర్టులలో చాలావాటిలో మైక్రోమోల్ అనే కొలత ఉంటుంది. అందులో 150 అని ఉంటే, ఇంటివాళ్ళు గుండె గుభేలుమని మా దగ్గరకు పరుగెత్తుకొస్తారు. ఆ అంకెను 88.4తో భాగిస్తే మన లెక్క వస్తుంది. 150 అంటే మన 1.7. తక్కువేమీ కాదు గాని, ఆ రాత్రికి రాత్రే డయాలసిస్ చేయవలసినదీ కాదు. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు అంకె మాత్రం ఎక్కి కొలత ఎక్కకపోతే, ఐదేళ్ళ తరువాత చూసే డాక్టరుకు ఆ 150 ఏమిటో అర్థం కాదు. షుగరు అనుకున్నా ఆశ్చర్యం లేదు.

తేదీల విషయంలోనూ ఇంతే. 03/04/2019 అని రాస్తే మనకది ఏప్రిల్ 3. కొన్ని ప్రోగ్రాములు అమెరికా పద్ధతిలో నెలను ముందు చదువుతాయి. వాటికది మార్చి 4. 12వ తేదీ దాటినవైతే "ఇది తేదీయే కాదు" అని ఆగిపోతాయి, మనకు తెలుస్తుంది. 12 లోపు తేదీలు చప్పుడు చేయకుండా తారుమారవుతాయి. మూడు నెలల లెక్క మీద ఆధారపడే జబ్బుకు ఇది చిన్న పొరపాటు కాదు.

వయసు గురించి కూడా ఒక మాట. మనలో చాలామంది పెద్దలకు పుట్టిన తేదీ తెలియదు. ఆధార్ తీసినప్పుడు ఉజ్జాయింపుగా ఒక సంవత్సరం చెప్పారు, దానికి జనవరి 1 పడింది. ఓటరు కార్డులో ఇంకొకటి ఉంటుంది. ఇప్పుడు కిడ్నీ పనితనాన్ని క్రియాటినిన్‌తో పాటు వయసు, ఆడా మగా అన్నది కూడా కలిపి లెక్క కడతారు. దానిని జి.ఎఫ్.ఆర్. అంటారు. 2021లో వచ్చిన సూత్రం ప్రకారం క్రియాటినిన్ 1.5 ఉన్న మగమనిషికి వయసు 38 అని కొడితే ఇంచుమించు 61 వస్తుంది. అదే మనిషికి 48 అని కొడితే 57 వస్తుంది. 60కి దిగువన మూడవ దశ మొదలవుతుంది. అంటే రక్తం మారలేదు, మనిషి మారలేదు, వయసు గడిలో పది సంవత్సరాలు తేడా పడితే జబ్బు దశ మారిపోయింది. కాబట్టి వయసు అడిగినప్పుడు "ఏదో ఒకటి రాసేయండి" అనవద్దు. తుపాను సంవత్సరమో, పెద్దకూతురు పెళ్ళి సంవత్సరమో చెప్పినా మేము కూర్చుని లెక్క కడతాము.

రెండు పేర్ల మనిషి, ఒక పేరున ఇద్దరు

మార్పిడిలో అన్నిటికంటే తలనొప్పి పేర్లది. మన సంఘాలలో బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో వేసిన పేరు ఇంకొకటి ఉన్నవారు ఇంటికొకరైనా ఉంటారు. పాత ఓ.పి. రిజిస్టరులో "మరియమ్మ", ఆధార్‌లో "నీలమ్మ". మనిషి ఒక్కరే, కంప్యూటరుకు ఇద్దరు. పెళ్ళికి ముందు తండ్రి పేరుతో, పెళ్ళి తరువాత భర్త పేరుతో, వేరే ఇంటిపేరుతో రాయించుకున్న ఆడవారి విషయంలో ఒకే మనిషికి మూడు రికార్డులు కూడా తయారవుతాయి. ఇంగ్లీషు అక్షరాలలో రాసేటప్పుడు ఒకరు ఒక అక్షరం ఎక్కువ వేస్తారు, ఒకరు తక్కువ వేస్తారు. ఇంటిపేరు కొందరు ముందు పెడతారు, కొందరు వెనక పెడతారు.

దీనికి ఎదురు సమస్య ఇంకొకటి. ఒకే ఊరిలో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు అప్పన్నలు ఉంటారు. తాతపేరు ఇద్దరు మనుమలకు పెట్టుకున్నారు మరి! వీరిద్దరి రికార్డులు కలిసిపోతే ఒకరి రక్తపు గ్రూపు ఇంకొకరి పేరు మీద, ఒకరి మందులు ఇంకొకరి చీటీ మీద పడతాయి.

ఈ రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమని అడిగితే, మా అభిప్రాయంలో రెండవదే. విడిపోయినదానిని తరువాతైనా కలపవచ్చు. కలిసిపోయినదానిని విడదీయడం ఎవరి తరమూ కాదు. ఏ అంకె ఎవరిదో ఎవరు చెప్పగలరు? అందుకే అనుమానం ఉన్నప్పుడు రెండు రికార్డులను విడిగానే ఉంచి, మనిషి ఎదురుగా వచ్చి, పాత చీటీ చూపించిన తరువాతే కలపడం మంచి పద్ధతి. కౌంటరు దగ్గర మళ్ళీ మళ్ళీ తండ్రి పేరు, ఊరు, పాత నంబరు అడుగుతుంటే విసుక్కోకండి. వెనక వరుసలోవారు కూడా దయచేసి కొంచెం ఓర్చుకోండి.

పాత చీటీ మీద ఉన్న ఓ.పి. నంబరు ఇప్పుడు పనికిరాదని అనుకోవద్దు. కొత్త నంబరు వచ్చినా, పాత నంబరును కొత్త రికార్డులో ఒక గడిలో రాసి ఉంచడం మార్పిడిలో తప్పనిసరి. పాత రిజిస్టరు తెరవవలసి వస్తే దారి చూపేది ఆ నంబరే.

ఊరి పేరు కూడా మారుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మార్చినప్పుడు పలాస కొత్తగా రెవెన్యూ డివిజను అయింది. మన మండలంలో మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. దానికోసం మూలపేట, విష్ణుచక్రం కుటుంబాలకు నౌపడ దగ్గర పునరావాస కాలనీ తలపెట్టారు. ఇల్లు మారినవారి చిరునామా మారుతుంది. మీరు వచ్చి చెబితే తప్ప రికార్డులో మారదు. చిరునామా కంటే ముఖ్యం ఫోను నంబరు. రిపోర్టు బాగులేదని పిలవడానికి ఆ నంబరే కదా ఉన్నది. మూడేళ్ళ క్రితం పారేసిన సిమ్ము నంబరుకు ఎంత పిలిచినా ఎవరు పలుకుతారు?

లెక్క సరిచూడకపోతే

ఇల్లు మారేటప్పుడు బండి ఎక్కించే ముందు గిన్నెలు ఎన్నో లెక్కపెడతాము, దించాక మళ్ళీ లెక్కపెడతాము. రికార్డులకు కూడా అంతే. పెద్ద పెద్ద దేశాలలో కూడా ఈ లెక్క తప్పిన సందర్భాలు ఉన్నాయి.

2020లో ఇంగ్లండులో కరోనా పరీక్షల ఫలితాలను ల్యాబుల నుంచి ప్రభుత్వ కంప్యూటరులోకి మార్చడానికి ఎక్సెల్ ఫైలు వాడారు. అది పాత రకం ఫైలు. అందులో 65,536 వరుసలకు మించి పట్టవు. అంతకు మించి వచ్చినవి బయటే ఉండిపోయాయి. కంప్యూటరు ఏమీ అనలేదు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 మంది పాజిటివ్ కేసులు ఆ లెక్కలో చేరలేదు. ఆ మనుషులకు తమ ఫలితం అందింది. కాని వారిని కలిసినవారిని హెచ్చరించవలసిన పని రోజుల తరబడి ఆగిపోయింది. డబ్బుకు, చదువుకు లోటు లేని దేశమది. ఇటు లెక్క, అటు లెక్క పోల్చి చూసే చిన్నపని జరగలేదు.

మన దేశంలో కూడా ఇలాంటి మార్పిడులు కొత్తకాదు. గర్భిణీల, పిల్లల వివరాలు నమోదు చేసే ఎం.సి.టి.ఎస్. 2009లో మొదలై, తరువాత ఆర్.సి.హెచ్. పోర్టలుకు మారింది. క్షయరోగుల కోసం 2012లో వచ్చిన నిక్షయ్, 2018లో కొత్తరూపు దాల్చింది. మీ ఊరి ఏ.ఎన్.ఎం. గారిని, ఆశా కార్యకర్తను అడిగి చూడండి. పాత రిజిస్టరును పక్కన పెట్టుకోకుండా కొత్తదానిని నమ్మినవారు చాలా తక్కువ. వారి జాగ్రత్తను మేము మెచ్చుకుంటాము.

మంచి మార్పిడి ఎలా జరగాలంటే, ముందు పాతదానిలో ఎన్ని పేర్లున్నాయో, కొత్తదానిలో ఎన్ని చేరాయో సరిచూడాలి. తరువాత అక్కడొకటి ఇక్కడొకటి కొన్ని రికార్డులు తీసి, పాత కాగితాన్ని కొత్త తెరను పక్కపక్కన పెట్టి అంకె అంకె చదవాలి. కొన్నాళ్ళు రెండూ నడపాలి. పని రెట్టింపవుతుంది, క్యూ నెమ్మదిస్తుంది. దాని గురించి మాకు వచ్చే ఫిర్యాదులు న్యాయమైనవే. అయినా ఆ కొన్నాళ్ళు తప్పించుకోవడానికి దగ్గరదారి లేదు.

అభా అంటే ఏమిటి, ఏది కాదు?

ఇప్పుడు ఎక్కడికి వెళ్ళినా "అభా నంబరు ఉందా?" అని అడుగుతున్నారు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 సెప్టెంబరు 27న దేశమంతటా మొదలైంది. అందులో భాగంగా మనిషికి 14 అంకెల నంబరు ఇస్తారు. దానినే అభా అంటున్నారు. ఖర్చు లేదు. ఇష్టమైతేనే తీసుకోవచ్చు, బలవంతం లేదు.

చాలామంది దీనిని వైద్యం ఖర్చు భరించే కార్డు అనుకుంటున్నారు. కాదు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైంది, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఖర్చు చూసేవి అలాంటి పథకాలు. అభా నంబరు మీద ఒక్క రూపాయి రాదు. అది రికార్డుల కోసం ఇచ్చిన నంబరు మాత్రమే.

రెండవ అపోహ, అభా తీసుకున్నాము గనుక పాత రిపోర్టులన్నీ అందులోకి వెళ్ళిపోయాయని. దీనికి మన పొలాల లెక్క చెబితే సులువుగా తెలుస్తుంది. మీకు మూడుచోట్ల భూమి ఉందనుకోండి, ఒకచోట జీడితోట, ఒకచోట కొబ్బరి, ఒకచోట వరి మడి. సర్వే నంబర్లు వేరువేరు. 1-బి లో ఖాతా నంబరు ఒక్కటే. ఖాతా నంబరు ఉన్నంత మాత్రాన పొలాలు కదలి ఒకచోటికి రావు, ఏ పొలం ఎక్కడిదో మాత్రం తెలుస్తుంది. ఎక్కించని పొలం ఖాతాలో కనబడదు కూడా. అభా అంతే. ఏ ఆసుపత్రి రికార్డు ఆ ఆసుపత్రిలోనే ఉంటుంది. ఆ ఆసుపత్రి ఈ పద్ధతిలో చేరి, మీ రికార్డును మీ నంబరుకు జతచేస్తేనే అది ఇంకొక చోట కనబడుతుంది. 2016 నాటి కాగితాన్ని ఎవరూ జతచేయలేదు కాబట్టి అది కనబడదు. దానిని ఫొటో తీసి అభా యాప్‌లో మీరే చేర్చుకునే వీలుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చోబెట్టి ఈ పని చేయించండి. ఫొటోలో తేదీ, ల్యాబు పేరు, కొలత మూడూ పడాలి.

మీ రికార్డును ఒక డాక్టరు చూడాలంటే మీ అనుమతి అడుగుతారు. ఏ కాగితాలు, ఎంతకాలం అన్నది మీరు చెప్పవచ్చు. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు కూడా. ఆ అడిగే ఓ.టి.పి. ఏ ఫోనుకు వస్తుందో ముందే చూసుకోండి. అమ్మ ఇక్కడ డాక్టరు ముందు కూర్చుని ఉంటుంది, ఓ.టి.పి. హైదరాబాదులో డ్యూటీలో ఉన్న కొడుకు ఫోనుకు పోతుంది. నంబరు తీసుకునేటప్పుడే ఇంట్లో ఉండే ఫోను ఇవ్వడం మంచిది.

ఈ గోప్యత సంగతిని మేము తేలికగా తీసుకోము. కిడ్నీ జబ్బు ఉందని తెలిస్తే ఆ ఇంటి పిల్లకు సంబంధాలు వెనక్కిపోతున్న ఊళ్ళు మన దగ్గర ఉన్నాయి. ఒకరి క్రియాటినిన్ ఎంతో పక్కింటివారికి తెలియనక్కరలేదు, సంఘంలో ప్రార్థన కోరేటప్పుడు కూడా వారి అనుమతి లేకుండా చెప్పనక్కరలేదు. హెచ్.ఐ.వి. విషయంలోనైతే 2017 నాటి చట్టమే ఉంది. ఆ మనిషి అనుమతి లేకుండా వివరం బయటపెట్టకూడదు. కంప్యూటరులోకి మారినా ఆ గోప్యత మారదు.

డయాలసిస్ చోటు మార్చుకునేవారికి

ఇంతకుముందు విశాఖపట్నమో శ్రీకాకుళమో వెళ్ళినవారు ఇప్పుడు టెక్కలిలో, పలాసలో, సోంపేటలో డయాలసిస్ చేయించుకోగలుగుతున్నారు. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. దగ్గరకు మారడం సంతోషమే. మారేటప్పుడు వెంట తీసుకువెళ్ళవలసినవాటి గురించి మాత్రం ఇక్కడ కొంచెం ఆగి చదవండి.

మొదటిది డ్రై వెయిట్. ఒంట్లో ఎక్కువ నీరు లేనప్పుడు మీ అసలు బరువు అది. ప్రతిసారీ ఎంత నీరు తీయాలో దానిని బట్టే నిర్ణయిస్తారు. కొత్త చోట ఆ అంకె తెలియకపోతే ఎక్కువ తీస్తే బి.పి. పడిపోయి, కండరాలు పట్టేస్తాయి. తక్కువ తీస్తే రాత్రికి ఆయాసం వస్తుంది. ఆ బరువు మారుతూ ఉంటుంది కాబట్టి గత నెల అంకె కావాలి, గత సంవత్సరానిది కాదు. రెండవది హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. పరీక్షల ఫలితాలు, తేదీలతో సహా. హెపటైటిస్-బి ఉన్నవారికి వేరే మిషను వాడాలి. ఈ కాగితం మీ ఒక్కరికే కాదు, మీ తరువాత ఆ మంచం మీద పడుకునేవారికి కూడా రక్షణ. ఫిస్టులా ఏ చేతికి, ఎప్పుడు వేశారు, ఆ చేతికి బి.పి. చూడకూడదు, సూది గుచ్చకూడదు అన్నది మూడవది. రక్తం ఎక్కించి ఉంటే ఆ వివరం, ఇప్పుడు వాడుతున్న ఇంజెక్షన్లు కూడా కావాలి.

ఇవి "ఆన్‌లైనులో ఉంటాయిలే" అని ఖాళీ చేతులతో వెళ్ళకండి. ఆఖరి మూడు డయాలసిస్‌ల చార్టు జెరాక్సు అడిగి తీసుకోండి. మీ రికార్డు అడిగి పొందడం మీ హక్కు. వైద్యుల ప్రవర్తన గురించి 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం, అడిగిన 72 గంటలలోగా ఇవ్వాలి. ఆ నిబంధనలలోనే ఇంకొక సంగతి ఉంది. ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ళు దాచితే చాలు. అంటే పదేళ్ళ కిందట మీరు చేరిన ఆసుపత్రిలో మీ కేసు షీటు ఈ రోజు ఉండాలని లేదు. అది మీ ఇంట్లో ఉంటేనే ఉన్నట్టు.

ఇంట్లో దాచుకోవడం

2013లో ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ. తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలతో పాటు ఇంటి పైకప్పులు పోయాయి, పెట్టెలలో కాగితాలు ముద్దయిపోయాయి. కాబట్టి ఒక గట్టి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి బిగించి, ఆధార్, పాసుపుస్తకం ఉంచే చోటనే ఉంచండి. తుపాను కేంద్రానికి వెళ్ళవలసి వస్తే వాటితో పాటే అదీ చేతికి రావాలి.

ఇ.సి.జి. చీటీలు, స్కానింగు బొమ్మలు వేడికి నల్లబడే కాగితం మీద వస్తాయి. ఎండ తగిలితే అక్షరాలు వెలిసిపోతాయి. కొందరు జాగ్రత్తని లామినేషను చేయిస్తున్నారు. ఆ వేడికి కాగితమంతా నల్లగా అయిపోతుంది, ఇంక చదవడానికి ఏమీ ఉండదు. వాటికి వచ్చిన వారంలోనే జెరాక్సు తీయించండి. మిగతా రిపోర్టులను తేదీల వరుసలో పెట్టి, ఒక చిన్న నోటుబుక్కులో వరుసగా తేదీ, ల్యాబు, క్రియాటినిన్, బి.పి., బరువు రాసుకుంటే సంచి మొత్తం మొయ్యనక్కరలేదు. ఆ నోటుబుక్కు, పడని మందుల పేర్లు, ఆఖరి రెండు రిపోర్టులు చాలు. పాత సంచిని మాత్రం ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మొత్తం తీసుకురండి. వృద్ధుల వెంట పాత సంగతులు తెలిసినవారు ఒకరు వస్తే మేలు. రద్దీ తక్కువగా ఉండే మధ్యాహ్నం పూట వస్తే రికార్డుల గదిలో కూర్చుని కాగితం కాగితం చూసి ఎక్కిస్తాము. ఎక్కించిన తరువాత తెర మీద మీకు చదివి వినిపిస్తాము, తప్పుంటే అక్కడే చెప్పండి. కాగితాలు తిరిగి మీ చేతికే ఇచ్చేస్తాము.